పనికిరాని తాబేలు

కలిసి చదువుకున్న ఇద్దరు కుర్రాళ్ల కథ మన పురాణాల్లో రెండు చోట్ల ఉంది. ఒకడు పేద బ్రాహ్మణుడు, రెండోవాడు ఏలికల ఇంటి బిడ్డ. పెద్దయ్యాక పేదవాడికి ఇల్లు గడవదు. పాత నేస్తాన్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. మహాభారతంలో అలా వెళ్లినవాడు ద్రోణుడు. రాజుకూ పేదకూ స్నేహమేమిటి, చెలిమి సమానుల మధ్య కదా ఉండాల్సింది అని ద్రుపదుడు మొహం మీదే అనేస్తాడు. భాగవతంలో వెళ్లినవాడు కుచేలుడు. కృష్ణుడు ఎదురొచ్చి, కాళ్లు కడిగి, కొంగున దాచుకున్న అటుకుల మూట లాక్కుని మరీ తింటాడు. తెలుగు ఇళ్లలో స్నేహం గురించి పిల్లలకు చెప్పేది ఈ రెండో కథే. ద్రుపదుడి సంగతి పగలూ ప్రతీకారాల ఖాతాలోకి వెళ్లిపోయింది.

కుచేలుడి కథ ఎలా ముగుస్తుందో కూడా చూడాలి. ఇంటికి తిరిగొచ్చేసరికి పూరిగుడిసె ఉండదు, మేడ ఉంటుంది. భార్యకు నగలు, ఇంటినిండా దాసదాసీలు. అంటే ఇద్దరి మధ్య ఉన్న తేడా కథ పూర్తయ్యేసరికి చెరిగిపోయింది. కృష్ణుడి ప్రేమకు వంక పెట్టడానికేం లేదు. కానీ కుచేలుడు కుచేలుడిగానే ఉండిపోయి, ఏడాదికోసారి అటుకులు పట్టుకుని ద్వారకకు వెళ్లొస్తూ ఉంటే ఆ స్నేహం ఎలా ఉండేదో కథ చెప్పలేదు. వనపర్వంలో అష్టావక్రుడిదీ ఇదే వరస. ఎనిమిది వంకర్లతో పుట్టిన కుర్రాడు జనకుడి సభలో బంది అనే పండితుణ్ణి వాదంలో ఓడించి, నీట మునిగిన తండ్రిని విడిపించి తెచ్చుకుంటాడు. అంత గెలిచాక తండ్రి అతణ్ణి సమంగా అనే నదిలో మునగమంటాడు, వంకర్లన్నీ పోతాయి. వంకర్లతోనే అంత గెలిచినవాడికి మళ్లీ ఆ స్నానం ఎందుకు?

పిల్లల కథల్లో స్నేహం, తేడాలు అనే విషయం మీద ప్రపంచమంతటా గుట్టలకొద్దీ పుస్తకాలు వచ్చాయి. వాటిలో నీతి ఏమిటని వెతకడం దండగ, అన్నిటిలోనూ ఒకటే ఉంటుంది: అందరితో కలిసిమెలిసి ఉండాలి. వెతకాల్సింది ఇంకొకటి. వేరుగా ఉన్నవాణ్ణి కలుపుకోవడానికి ఆ కథ వాడి దగ్గర ఏం వసూలు చేస్తోంది? ఈ ఒక్క ప్రశ్న దగ్గర పెట్టుకుంటే పేరున్న కథలు కూడా కాస్త తడబడతాయి.

హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1843లో రాసిన అనాకారి బాతుపిల్ల కథ ఇంగ్లీషు మీడియం పిల్లలందరికీ కంఠతా వచ్చు. బాతుల గుంపులో వికారంగా పుట్టిన పిల్లను అందరూ పొడుస్తారు, తరుముతారు. చివరికి అది అందమైన హంస అని తేలుతుంది. మరి నిజంగానే వికారమైన బాతుపిల్ల అయితే? దాని గతేమిటో ఆండర్సన్ చెప్పడు. పొడిచిన బాతులకు బుద్ధి వచ్చిన దాఖలా కూడా ఎక్కడా లేదు. 1939లో అమెరికాలో మాంట్‌గొమరీ వార్డ్ అనే దుకాణాల సంస్థ క్రిస్మస్‌కు పిల్లలకు పంచిపెట్టడానికి రాబర్ట్ మే చేత ఒక కథ రాయించింది. ఎర్రముక్కు దుప్పి రుడాల్ఫ్ అలా పుట్టింది. ముక్కు మెరుస్తోందని మిగతా దుప్పులు దాన్ని వెక్కిరించి ఆటలోకి రానివ్వవు. మంచు కమ్మేసిన రాత్రి శాంతాక్లాజ్ బండికి ఆ ముక్కే దీపమయ్యాక అందరూ నెత్తిన పెట్టుకుంటారు. ఆ రాత్రి మంచు పడకపోయుంటే రుడాల్ఫ్ ఇంకా గుంపు బయటే ఉండేది. స్విస్ చిత్రకారుడు మార్కస్ ఫిస్టర్ 1992లో తెచ్చిన ఇంద్రధనుసు చేప కథలో బేరం ఇంకా పచ్చిగా ఉంటుంది. తళతళలాడే పొలుసులున్న చేపతో ఎవరూ స్నేహం చేయరు. అది ఒక్కో పొలుసూ ఊడబీకి పంచిపెడితే అందరూ దగ్గరవుతారు. పంచుకోవడం నేర్పే కథగా బళ్లలో దీన్ని ఇప్పటికీ చదివిస్తారు. ఒంటి మీది పొలుసు ఇచ్చి స్నేహం కొనుక్కోవడం పంచుకోవడం ఎలా అవుతుందని అడిగేవాళ్లు కూడా మొదట్నుంచీ ఉన్నారు, వాళ్ల మాటే సబబుగా కనిపిస్తుంది.

మారిపో, పనికిరా, ధర చెల్లించు. ఈ మూడు షరతుల్లో ఏదో ఒకటి లేని కథ దొరకడం కష్టం.

డేవిడ్ మెకీ సృష్టించిన ఎల్మర్ ఈ వరసలో కొంత నయం. రకరకాల రంగుల గళ్లతో, మన బొంతలా ఉండే ఏనుగు అది. తొలి పుస్తకం 1968లో వచ్చింది, 1989లో మళ్లీ అచ్చయ్యాక ప్రపంచమంతా తిరిగింది. మెకీ ఇంగ్లండ్‌లోని డెవాన్ వాడు. భార్య ఆంగ్లో ఇండియన్. ఒకరోజు భార్యాబిడ్డలతో వీధిలో నడుస్తుంటే ఎవరో కుర్రాడు తన కూతురి ఒంటి రంగును పట్టి తిట్టాడని, ఎల్మర్ వెనక ఆ అనుభవం ఉందని ఆయనే చెప్పారు. కథలో ఎల్మర్ అందరిలా కనిపించాలని బూడిదరంగు పళ్ల మీద పొర్లి రంగు మార్చుకుంటుంది. గుంపులో ఎవరూ దాన్ని గుర్తుపట్టరు, అలాగని గుంపులో సరదా కూడా ఉండదు. వాన పడి రంగు కరిగిపోతే అందరూ నవ్వుకుంటారు. ఇక్కడ మారడం అక్కర్లేదని కథ తేల్చి చెప్పింది, అది పెద్ద మాటే. కాకపోతే ఎల్మర్ గుంపును నవ్విస్తుంది కాబట్టే గుంపుకు ముద్దు. ఆపైన ఏడాదికోరోజు ఏనుగులన్నీ రంగులు పూసుకుని పండగ చేసుకుంటాయట. మన బళ్లలో ఏటా డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం జరిపి మర్నాడు మామూలైపోవడం గుర్తుకొస్తే తప్పు పాఠకుడిది కాదు.

వీటన్నిటికన్నా పాతదీ, వీటన్నిటికన్నా తెలివైనదీ అయిన కథ మన దగ్గరే ఉంది. పంచతంత్ర కథలను తెలుగులో చెప్పిన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడింది. మిత్రలాభం, మిత్రభేదం అందులో రెండు భాగాలు. తరాల తెలుగు పిల్లలు దీన్ని వ్యాకరణ శుద్ధమైన గ్రాంథికం కోసం చదివారు, సమాసాలు విడదీశారు, పరీక్షలు రాశారు. కథలోని స్నేహం సంగతి ఆ సందట్లో ఎంతమందికి పట్టిందో అనుమానమే.

మిత్రలాభంలో లఘుపతనకుడనే కాకి హిరణ్యకుడనే ఎలుక బొరియ దగ్గరికి వచ్చి స్నేహం చేద్దామంటుంది. ఎలుక బయటికి రాదు. లోపల్నుంచే బదులిస్తుంది: నువ్వు తినేదానివి, నేను తిండిని, మనకు స్నేహం ఎలా కుదురుతుంది? ఇక్కడ ఆగి చూడాలి. ఇప్పటి పుస్తకమైతే ఎలుక మనసులో సంకుచితత్వం ఉందని, దాన్ని వదిలించుకోవాలని పాఠం చెప్పేది. పంచతంత్రం అలా చెప్పదు. బలహీనుడి భయానికి కారణం ఉందని ఒప్పుకుంటుంది. నమ్మకం కలిగించాల్సిన భారం కాకి మీద పెడుతుంది. కాకి బతిమాలుకుంటుంది, వాదిస్తుంది. ఇద్దరి మధ్య మాటలు చాలాసేపు సాగాక గానీ స్నేహం కుదరదు. తేడా ఏమీ లేదన్నట్టు నటించకుండా, అది ఏమిటో పేరు పెట్టి చెప్పుకున్నాకే ఆ చెలిమి మొదలవుతుంది.

తర్వాత మంథరుడనే తాబేలు, చిత్రాంగుడనే జింక తోడవుతాయి. ఒకరోజు జింక వలలో చిక్కుతుంది. కాకి ఎగిరి చూసి, ఎలుకను తీసుకొచ్చి వల కొరికిస్తుంది. ఈలోగా చెరువు దగ్గర ఉండలేక తాబేలు కూడా పాక్కుంటూ వచ్చేస్తుంది. ఎందుకొచ్చావయ్యా, వేటగాడొస్తే మేం తలో దిక్కూ పారిపోతాం, నీ సంగతేమిటని నేస్తాలు కోప్పడతాయి. అనుకున్నంతా అవుతుంది. జింక దూకేస్తుంది, కాకి చెట్టెక్కుతుంది, ఎలుక కన్నంలోకి దూరుతుంది. తాబేలు మాత్రం వేటగాడికి దొరికిపోయి వింటికి వేలాడుతుంది. అప్పుడు ముగ్గురూ కలిసి ఎత్తు వేస్తారు. జింక నీటి ఒడ్డున చచ్చినట్టు పడుకుంటుంది, కాకి దాని కళ్లు పొడుస్తున్నట్టు నటిస్తుంది. వేటగాడు తాబేలును కింద పడేసి జింక వైపు వెళ్లగానే ఎలుక తాళ్లు కొరికేస్తుంది.

ఈ కథను ఐకమత్యమే బలమన్న సామెతకు ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. తాబేలు ఏం చేసిందో ఎవరూ అడగరు. ఆ అడవిలో అది ఎవరికీ పనికిరాలేదు, పైగా పని పెంచింది. రాకుండా ఉంటే అందరికీ హాయిగా ఉండేది. వచ్చిందెందుకంటే నేస్తాలు ఆపదలో ఉంటే చెరువులో కూర్చోలేకపోయింది, అంతే. పనికిరాని ఆ నేస్తం కోసం మిగతా ముగ్గురూ ప్రాణాలు పణంగా పెట్టారు. నెమ్మదిగా నడుస్తావు కాబట్టి ఇకపై ఇంట్లోనే ఉండమని చివర్లో దానికెవరూ షరతు పెట్టలేదు. రుడాల్ఫ్ కథకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు.

జంతువుల కథలకు ఒక లోపం ఉంది. అది వాటి రచయితలది కాదు, వాటిని వాడుకునే పెద్దలది. మనుషుల మధ్య తేడాల గురించి మాట్లాడాల్సి వస్తే పెద్దలకు నోరు పెగలదు, వెంటనే ఏనుగునో చేపనో తెచ్చి ముందు నిలబెడతారు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని బాలసాహిత్య కేంద్రం 2018లో వచ్చిన పుస్తకాల్లో ముఖ్యపాత్రలు ఎవరో లెక్క తీసింది. సగం పుస్తకాల్లో తెల్లపిల్లలు, 27 శాతంలో జంతువులూ బొమ్మలూ వగైరా. నల్లజాతి పిల్లలు పది శాతం, ఆసియా మూలాల పిల్లలు ఏడు శాతం, లాటినో పిల్లలు ఐదు, అమెరికా మూలవాసులు ఒక శాతం. ఈ నాలుగు వర్గాల పిల్లలందరినీ కలిపి లెక్కవేసినా జంతువులదే పైచేయి. అంతకు అర్ధ శతాబ్దం ముందు 1965లో నాన్సీ లారిక్ అనే రచయిత్రి మూడేళ్లలో అచ్చయిన 5,206 పిల్లల పుస్తకాలు పరిశీలిస్తే 349 పుస్తకాల్లోనే నల్లజాతి మనిషి కనిపించాడు, అది కూడా కొన్నిటిలో బొమ్మ మూలన ఎక్కడో.

జంతువుల కథ పిల్లల నడతను మారుస్తుందా అని టొరొంటో విశ్వవిద్యాలయంలో మనస్తత్వ పరిశోధకులు పరీక్షించారు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు పంచుకోవడం గురించిన ఒకే కథను రెండు రకాలుగా చదివి వినిపించారు. ఒకదానిలో బొమ్మలు రకూన్ లాంటి జంతువులవి, రెండోదానిలో మనుషుల పిల్లలవి. కథకు ముందూ తర్వాతా తమ స్టిక్కర్లలోంచి వేరే పిల్లలకు ఎన్ని ఇస్తారో లెక్కపెట్టారు. మనుషుల కథ విన్నవాళ్లు ముందుకన్నా ఎక్కువ ఇచ్చారు. జంతువుల కథ విన్నవాళ్లలో ఆ మార్పు రాలేదు. ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని పంచతంత్రాన్ని అటకెక్కించనక్కర్లేదు. కాకి, ఎలుక చెప్పాల్సింది చెప్పేశాయి, ఇక పక్క బెంచీ పిల్లవాడి కథ కూడా కావాలని మాత్రం అర్థం చేసుకుంటే చాలు.

పక్క బెంచీ పిల్లవాడి కథల్లో ఇప్పటికీ తలమానికం టెట్సుకో కురొయనాగి 1981లో జపనీస్‌లో రాసిన 'తొత్తోచాన్'. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దీన్ని 'రైలుబడి' పేరుతో తెలుగులోకి తెచ్చింది. టీచర్లు కానుకగా ఇచ్చిపుచ్చుకునే పుస్తకాల్లో ఇదొకటి. రచయిత్రి తన చిన్నప్పటి సంగతులే రాశారు. అల్లరి ఎక్కువని మొదటి బడిలోంచి పంపేసిన పిల్ల తొత్తోచాన్, టోక్యోలో పాత రైలుపెట్టెల్లో నడిచే తొమోయె అనే బడిలో చేరుతుంది. హెడ్మాస్టరు సొసాకు కొబయాషి. 1937లో మొదలైన ఆ బడి 1945 బాంబుదాడుల్లో కాలిపోయింది.

అక్కడ తకహాషి అనే పిల్లవాడు ఉంటాడు. చేతులూ కాళ్లూ పొట్టి, ఇక పెరగడు. ఆటల పోటీల రోజున అన్ని పోటీల్లోనూ అతడే గెలుస్తాడు. పెద్ద పిల్లలు, బలమైన పిల్లలు ఎంత పరిగెత్తినా అతణ్ణి దాటలేకపోతారు. కారణం పోటీల్లోనే ఉంది. ఒకదానిలో గుడ్డతో చేసిన పొడవాటి చేపబొమ్మలోకి దూరి అవతలి వైపుకు రావాలి. పొట్టిగా ఉన్నవాడు సర్రున దూసుకొస్తాడు, పొడుగువాళ్లు లోపల ఇరుక్కుని గింజుకుంటారు. ఇంకోదానిలో మెట్లెక్కి దిగాలి. ఆ మెట్లు బాగా తక్కువ ఎత్తు, ఒక్కొక్కటే ఎక్కాలి, రెండేసి దాటకూడదు. పొడుగుకాళ్లు అడ్డుపడతాయి, పొట్టికాళ్లు టకటకా సాగిపోతాయి. తకహాషిని తలచుకునే హెడ్మాస్టరు ఆ పోటీలు తయారుచేశారు, కానీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. జాలిపడి ముందు నిలబెట్టలేదు, ప్రత్యేక బహుమతీ ఇవ్వలేదు. అందరితో పాటు పరిగెత్తాడు, గెలిచాడు. బహుమతులు కూడా తమాషా. మొదటి బహుమతి పెద్ద ముల్లంగి దుంప, మూడోది పాలకూర కట్ట. కూరగాయలు మోసుకుని ఇంటికెళ్లడానికి పిల్లలు సిగ్గుపడుతుంటే, మీరు సంపాదించిన కూరతో ఇవాళ ఇంటిల్లిపాదికీ భోజనం అని హెడ్మాస్టరు వాళ్లను ఉత్సాహపరుస్తారు.

బాతుపిల్ల కథలో పిల్ల మారింది. ఇక్కడ ఆట మారింది. ఈ విషయం మీద వచ్చిన పుస్తకాలన్నిటినీ విడగొట్టాల్సి వస్తే గీత ఇక్కడే గీయాలి.

అదే పుస్తకంలో యసువాకి అనే పిల్లవాడికి పోలియో. బడిలో ప్రతి పిల్లకూ తనదనే చెట్టొకటి ఉంటుంది, అతడు మాత్రం ఎప్పుడూ చెట్టెక్కలేదు. తొత్తోచాన్ తన చెట్టు మీదికి అతణ్ణి పిలుస్తుంది, ఇంట్లోవాళ్లకు తెలియకుండా. నిచ్చెన తెచ్చి వేస్తుంది, సరిపోదు. ఇంకో రకం నిచ్చెన ఈడ్చుకొస్తుంది. కింద నుంచి నెడుతుంది, పైనుంచి లాగుతుంది, ఇద్దరికీ చెమటలు కారిపోతాయి. పెద్దవాళ్లు చూసి ఉంటే కెవ్వుమనేవాళ్లే. ఎక్కాక కొమ్మ మీద కూర్చుని యసువాకి అమెరికాలో టెలివిజన్ అనే పెట్టె ఉందట అని చెబుతాడు. ఆ పిల్ల పెద్దయి జపాన్ టెలివిజన్‌లో అంత పేరు తెచ్చుకుంటుందని అప్పుడు ఎవరికి తెలుసు? యసువాకి చిన్న వయసులోనే చనిపోతాడు. ఆ చావును రచయిత్రి దాచలేదు, దాన్ని పాఠంగానూ మార్చలేదు. పుస్తకం మీద వచ్చిన డబ్బుతో ఆమె పెట్టిన సంస్థ చెవిటి నటులకు శిక్షణ ఇస్తుంది.

తేడాను కథలో చెప్పాలా, చెప్పకుండా దాటేయాలా అన్న తగువు ఒకటి ఎప్పట్నుంచో ఉంది. పిల్లలకు అలాంటివి కనపడవు, మనమే నేర్పుతాం, ఊరుకుంటే సరి అని చాలామంది తల్లిదండ్రులు గట్టిగా నమ్ముతారు. ఇంగ్లండ్‌లో లిండ్సే కామెరాన్, ఆడమ్ రట్లండ్ అనే పరిశోధకులు దీన్ని బళ్లలోనే తేల్చుకోవాలనుకున్నారు. ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు ఆరు వారాల పాటు వారానికోసారి కథలు చదివి వినిపించి, వాటి మీద మాట్లాడించారు. అన్నిటిలోనూ వైకల్యమున్న పిల్లకూ లేని పిల్లకూ స్నేహమే. ఒక గుంపుకు స్నేహం మాత్రమే చెప్పారు. ఇంకో గుంపుకు ఎవరి ఇష్టాలేమిటి, ఎవరి స్వభావమేమిటన్నది నొక్కి చెప్పారు, వైకల్యం ఊసు తగ్గించారు. మూడో గుంపుకు వాటితో పాటు వైకల్యం సంగతి కూడా ఉన్నదున్నట్టు గుర్తుచేస్తూ చదివారు. పిల్లల వైఖరి బాగా మెరుగుపడింది మూడో గుంపులోనే. 2006లో అచ్చయిన ఈ ఫలితం మన ఎలుక బొరియలోంచి అడిగిన ప్రశ్నను సమర్థిస్తోంది. అయితే పిల్లలను ఊరికే పుస్తకాలతో వదిలేయలేదన్నది మరవకూడదు. చదవడం, వెంటనే కూర్చుని మాట్లాడుకోవడం, రెండూ కలిస్తేనే అది. మన బళ్లలో లైబ్రరీ పీరియడ్ అంటే లెక్కల మాస్టారు సిలబస్ పూర్తిచేసుకునే పీరియడ్.

భారతీయ పుస్తకాల్లో గత పాతికేళ్లుగా మంచి మలుపు కనిపిస్తోంది. చెన్నైలో 1996లో మొదలైన తూలిక సంస్థ ఇంగ్లీషుతో పాటు తెలుగు సహా పలు భారతీయ భాషల్లో బొమ్మల పుస్తకాలు వేస్తోంది. వాళ్లు వేసిన 'క్యాచ్ దట్ క్యాట్' చిన్న పుస్తకమే, కానీ ఈ రంగంలో పెద్ద మెట్టు. డిప్ డిప్ అనే అల్లరి పిల్ల నేస్తం పిల్లి తప్పిపోతే వెతకడానికి బయల్దేరుతుంది, చెట్టు కూడా ఎక్కేస్తుంది. డిప్ డిప్ చక్రాల కుర్చీలో ఉంటుందన్న సంగతి బొమ్మల్లోనే ఉంది. మాటలు దాన్ని ఎక్కడా పట్టించుకోవు. కామెరాన్, రట్లండ్ చెప్పినదానికి ఇది ఎదురు కాదా అంటే కాదనే చెప్పాలి. ఇక్కడ తేడాను దాచలేదు, ప్రతి పేజీలోనూ కళ్లెదుటే ఉంది. దాని మీద ఉపన్యాసం మాత్రం లేదు. అదే సంస్థ వేసిన 'కన్నా పన్నా'లో చూపులేని కుర్రాడు కన్నా. గుహాలయంలో కరెంటు పోతే చీకట్లో అందరికీ దారి చూపించి బయటికి తెస్తాడు. హాయిగా ఉంది కథ, కానీ కాస్త గీరితే కింద రుడాల్ఫ్ కనిపిస్తాడు. కరెంటు పోకపోతే కన్నా ఎవరికి కావాలి?

నీనా సబ్నానీ 'ముకంద్ అండ్ రియాజ్' వీటన్నిటికీ పక్కన నిలబడుతుంది. దేశ విభజన నాటి కరాచీలో ఇద్దరు పిల్లల స్నేహం, రచయిత్రి తండ్రి జ్ఞాపకం ఆధారంగా చెప్పినది. ముకంద్ కుటుంబం ఊరు వదిలి ఓడెక్కాలి. గొడవల మధ్య గుర్తుపట్టకుండా ఉండటానికి రియాజ్ వాళ్లకు జిన్నా టోపీలు తెచ్చి ఇస్తాడు. ప్రాణాలు కాపాడుకోవడానికి అవతలివాళ్ల టోపీ పెట్టుకోవాల్సి రావడం, ఆ టోపీని నేస్తమే తెచ్చివ్వడం కన్నా మతం గురించి పిల్లలకు చెప్పాల్సిన మాట ఇంకేముంటుంది? బొమ్మలు గుడ్డముక్కలు కుట్టి అతికించినవి. ఇద్దరు నేస్తాలూ మళ్లీ కలుసుకోరు. కలిపేద్దామన్న ఆశ రచయిత్రికి కలిగినా లొంగలేదు.

తెలుగు సంగతికొస్తే ముందుగా చందమామ. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన ఈ పత్రికను 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు నడిపారు. వాక్యం ఎంత తేలిగ్గా ఉండాలో తెలుగు పిల్లలకు చూపించిన పత్రిక అది, ఆ రుణం తీరేది కాదు. కానీ చందమామ లోకంలో రాజులు, మంత్రులు, జమీందార్లు, వ్యాపారులు, పేద బ్రాహ్మణులు, రాక్షసులు తిరుగుతారు. ఆ ఊళ్లలో మాలపల్లె ఎటువైపుందో తెలియదు. మసీదు ఎక్కడో తెలియదు. బాగ్దాద్ కథల్లో ఖలీఫా ఉంటాడు గానీ పక్కింటి సాయిబు కనపడడు. తేడాలే లేని ఊళ్లో తేడాలను ఒప్పుకోవడం గురించిన కథ ఎలా పుడుతుంది? పుట్టలేదు. అన్నదమ్ముల మధ్య, తెలివైనవాడికీ తెలివితక్కువవాడికీ మధ్య జరిగే కథలే ఎక్కువ. పరమానందయ్య శిష్యుల కథల్లోనూ మందబుద్ధి నవ్వుకోవడానికే. వెనక్కి వెళితే మంథర గూని, శకుని కుంటి నడక కూడా దుర్మార్గానికి గుర్తులుగానే పిల్లల బుర్రల్లోకి ఎక్కాయి. శకుని కుంటితనాన్ని నాటకాలూ సినిమాలూ బాగా సాగదీశాయి.

ఊళ్లో నిజంగా ఎవరెవరుంటారో పిల్లవాడి కంటితో చూపించిన పని పెద్దల సాహిత్యం కింద అచ్చయిన పుస్తకాలు చేశాయి. చిత్తూరు జిల్లా పల్లెను నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాశారు. నెల్లూరు జిల్లా ముస్లిం ఇంటిని మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు'లో రాశారు. వాటిలో పిల్లలు ఒకళ్లనొకళ్లు కులం పేరు పెట్టి, మతం పేరు పెట్టి తిట్టుకుంటారు, ఆ వెంటనే కలిసి ఆడుకుంటారు. పెద్దలు గీసిన గీతలు వాళ్లకు తెలుసు, ఎక్కడ దాటొచ్చో కూడా తెలుసు. పిల్లల పుస్తకాల కంపెనీలు ఈ భాషను అచ్చు వేయడానికి జంకుతాయి.

జంకకుండా చేసిన ప్రయత్నం ఒకటుంది. హైదరాబాద్‌లోని అన్వేషి మహిళా అధ్యయన కేంద్రం 2008లో దళిత, ముస్లిం తదితర వర్గాల పిల్లల బతుకుల నుంచి కథలు రాయించి, పేరున్న చిత్రకారులతో బొమ్మలు వేయించి, ఇంగ్లీషు, తెలుగు, మలయాళాల్లో వెలువరించింది. కేరళకు చెందిన డీసీ బుక్స్ వాటిని అచ్చు వేసింది. ఖదీర్ బాబు రాసిన కథలో తలకాయ కూర వండుకునే సందడి ఉంటుంది. గోగు శ్యామల కథలో తాటకి అని పేరుపడ్డ దళిత పిల్ల తెల్లవారకముందే పొలానికి నీళ్లు పెట్టడానికి ఒక్కతీ వెళుతుంది, దారికి అడ్డొచ్చిన పెద్దమనిషికి బుద్ధి చెప్పి వస్తుంది. ఎవరూ ఈ పిల్లలను ఒప్పుకోవడానికి ముందుకు రారు, ఎందుకంటే వీళ్లు ఎవరి ఒప్పుకోలు కోసమూ ఎదురుచూడరు. కథ వాళ్ల ఇంట్లోనే మొదలై వాళ్ల ఇంట్లోనే ముగుస్తుంది. రూడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికా ఆచార్యురాలు 1990లో పుస్తకాలు కొందరు పిల్లలకు అద్దాలు, కొందరికి కిటికీలు అన్నారు. తలకాయ కూర ఒక పిల్లకు అద్దం, ఇంకో పిల్లకు కిటికీ. పొద్దున్నే ముక్కు మూసుకునే ఇంటి పిల్లకు ఆ కిటికీ మరీ అవసరం.

తిండి దగ్గరే తెలుగు నేల మీద స్నేహాలు తేలిపోతాయి. జోర్డాన్ రాణి రానియా, కెల్లీ డిపూచియో కలిసి 2010లో రాసిన 'శాండ్‌విచ్ స్వాప్'లో ఇద్దరు అమ్మాయిలు ఒకరి శాండ్‌విచ్‌ను ఒకరు ఛీ అనుకుని పోట్లాడుకుంటారు, తర్వాత మార్చుకుని తిని రుచిగా ఉందనుకుంటారు. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకు ఈ కథ సరిగ్గా అతుకుతుంది, టిఫిన్ బాక్సులో పులిహోర చూసి పక్కవాళ్లు మొహం చిట్లించిన అనుభవం చాలామందికి ఉంటుంది. అదే కథను గుంటూరుకో కరీంనగర్‌కో తెస్తే అంత సులువుగా నడవదు. ఇక్కడ బాక్సు మార్చుకోవడానికి అడ్డొచ్చేది రుచి ఒక్కటే కాదు. ఇంట్లో ఏం చెప్పాలన్నది కూడా కథలో రావాలి, అమ్మమ్మ ఏమంటుందో రావాలి. అమ్మమ్మను చెడ్డదాన్ని చేయకుండా రాయాలి, అసలు కష్టం అక్కడుంది.

తెలుగులో ఇప్పుడు పుస్తకాలకు కరువేమీ లేదు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ పాత సోవియట్ పిల్లల పుస్తకాల నుంచి కొత్త బొమ్మల కథల దాకా వేస్తోంది, అమెరికా తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి కొత్త రచయితల పిల్లల పుస్తకాలూ తెస్తోంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవడానికీ అనువదించుకోవడానికీ అడ్డు లేదు. అనంతపురం ప్రాంతం నుంచి వచ్చిన 'కొత్తపల్లి' పత్రిక పల్లె పిల్లలు రాసిన, వేసిన వాటికి చోటిచ్చింది. అయితే తేడాల గురించిన మంచి పుస్తకాల్లో అనువాదాల పాలే ఎక్కువ. డిప్ డిప్, కన్నా, తొత్తోచాన్ అందరూ బయటి నుంచి వచ్చినవాళ్లే.

బయట తరగతి గది మారిపోతోంది. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బళ్లలో పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వమంది. దానికి ముందే 2007 నుంచి ఢిల్లీలో పెద్ద బళ్లు పేద పిల్లలను చేర్చుకోవాల్సి వచ్చింది. గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త ఆ బళ్లలో ధనిక పిల్లలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. పరుగు పందెంలో జట్టుకు ఎవరిని ఎంచుకుంటారు, వేగంగా పరిగెత్తే పేద పిల్లవాడినా, నెమ్మదైన ధనిక పిల్లవాడినా అని చూస్తే, పేద పిల్లలతో కలిసి చదివినవాళ్లు ఎక్కువగా వేగాన్నే ఎంచుకున్నారు. మిగతావాళ్లలో ఇంకొంత ఎక్కువమంది ఓడిపోవడానికి సిద్ధపడి కూడా తమవాణ్ణే కోరుకున్నారు. ఒకే గదిలో ఏళ్ల తరబడి కూర్చోవడం చేసే పని ఏ కథా చేయలేదు. కానీ చాలామంది పిల్లలకు ఆ గది ఇంకా దొరకలేదు. గోండి మాట్లాడే పిల్లలకు ఆశ్రమ పాఠశాలలు, డబ్బున్న పిల్లలకు ఇంటర్నేషనల్ స్కూళ్లు, ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కూలీల పిల్లలకు వేరే బడి. వీళ్లు కలుసుకునే చోటు ప్రస్తుతానికి పుస్తకమే.

ఆ పుస్తకాల్లో ఒక లోటు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. వేరుగా ఉన్న పిల్ల ఎప్పుడూ మంచిదే. అబద్ధం ఆడదు, తొండి చేయదు, ఎవరినీ ఏడిపించదు, ఓర్పుతో నవ్వుతూ ఉంటుంది. జాలి చూపే పిల్లా అంతే. ఇద్దరూ ఒక్కసారైనా కటీఫ్ చెప్పుకోరు. చెట్టెక్కించడానికి చెమటోడ్చిన తొత్తోచాన్‌కు, పిల్లి కోసం కొమ్మలు పట్టుకుని వేలాడే డిప్ డిప్‌కు ప్రాణం ఉందంటే వాళ్లు బుద్ధిమంతులు కాకపోవడం వల్లే. నత్తి ఉన్న కుర్రాడు గోళీలాటలో తొండి చేసి, పట్టుబడి, మాట తడబడుతుండగానే ఎదుటివాణ్ణి నాలుగు తిట్టి, సాయంత్రానికి ఆ గోళీల్లో సగం మాత్రమే తిరిగిచ్చే కథ ఎవరైనా నెల్లూరు యాసలోనో వరంగల్ యాసలోనో రాస్తే బాగుండు.